సగం చేరిన జాబితా

ఫిజీ రాజధాని సువాలో మా ఆఫీసు మేడ మీద కిటికీ పక్కన రెండే బల్లలుండేవి. ఒకటి నాది, ఒకటి ఎపరామది. నాది కరెంటు పని. దీవుల్లోని బడులకూ ఆసుపత్రులకూ పుస్తకశాలలకూ ఇచ్చిన సర్వర్లకు బ్యాటరీలూ సోలార్ పలకలూ చూడటం. ఎపరామది ఆ సర్వర్ల లోపలి పని. అరవై మూడు సర్వర్లు, ఇరవై తొమ్మిది దీవులు. కొన్నిటికి పడవ పదిహేను రోజులకోసారి. అందుకని నేను వెళ్ళేవాణ్ణి గాని అతను వెళ్ళేవాడు కాదు, సరంగును పంపేవాడు.

సరంగు మనిషి కాదు. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి నడిపే ఒక ప్రోగ్రాం. ఏ సర్వరులో ఏమేం ఉండాలో జాబితా రాసి ఇస్తే, అది ఒక్కో దీవికీ ఆ జాబితా మోసుకెళ్ళి, లేనిది పెట్టి, అక్కర్లేనిది తీసేసి, అంతా సర్ది వస్తుంది. దాని అసలు పేరు వేరే. కళాసుల చేత పని చేయించే ఓడ సరంగులాంటిదని మేమే ఆ పేరు పెట్టుకున్నాం. అది ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడివాళ్ళో తీరిక చేసుకుని రాసి, బాగు చేసి, ఊరికే ఇచ్చేస్తారు. అలా బాగు చేసేవాళ్ళలో మా ఎపరామ ఒకడు.

పెద్ద చదువులు చదివినవాడు కాదు. సొంత దీవిలో పోస్టాఫీసు రేడియో ముందు తొమ్మిదేళ్ళు కూర్చున్నాడు. గాలివానలో సగం మాటలు మింగేసే ఆ పెట్టెలోంచి, వినపడ్డ సగంతో వినపడని సగాన్ని పట్టుకోవడం అక్కడే అబ్బిందనేవాడు. కంప్యూటరు పని తర్వాత తనంతట తాను నేర్చుకున్నదే. అందుకే కాబోలు, ప్రోగ్రాం చెప్పే మాటలను కూడా మనిషి మాటల్లాగే వినేవాడు. సరంగుకు ఏదైనా దీవి అందకపోతే అప్పట్లో తెర మీద "విఫలం, 17" అని పడేది. అది చూస్తే ఎపరామకు ఒళ్ళు మంట. చేతకానప్పుడు ఎందుకు చేతకాలేదో చెప్పాలి గాని, అంకె ఒకటి పారేసి మొహం తిప్పుకుంటే ఎలా అనేవాడు. ఆరు నెలలు కూర్చుని అలాంటి అంకెలు ఎనభై దాకా ఏరి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాశాడు. పదిహేడుకు ఏం రాశాడంటే, "ఆ సర్వరు పలకడం లేదు. అక్కడ వాన పడుతోందేమో కనుక్కుని, తగ్గాక మళ్ళీ పంపండి."

సరంగు పెద్దరికం చూసేది ఫర్గస్ అని ఒకాయన, న్యూజిలాండులో డనీడిన్ ఊళ్ళో ఉంటాడు. మాట తక్కువ, మనిషి మంచివాడు. ఎవరు ఏ మార్పు పంపినా ఆయన చదివి సరేనంటేనే అది లోపలికి వెళుతుంది. వానకూ సర్వరుకూ ఏమిటి సంబంధమని ఆయన రాశాడు. మా దీవులకు కబురు ఆకాశం మీదుగా పోతుంది, పెద్ద వానకు తెగుతుంది అని ఎపరామ జవాబిచ్చాడు. ఉత్తరాలు నడిచి నడిచి చివరికి వాన ఎగిరిపోయి "లైను నిలకడగా ఉందో లేదో చూడండి" అని మిగిలింది. దానికే ఎపరామ నెల రోజులు మురిసిపోయాడు.

ఆ అరవై మూడింటిలో ఒకటి నసౌకీ అనే ఊరి బడి పుస్తకశాలలో ఉండేది. దాన్ని చూసుకునే టీచరు తితిలియా. ఆవిడ దీవికీ ఎపరామ దీవికీ తౌవు వరస. పూర్వం ఒకే దేవుణ్ణి కొలిచినవాళ్ళకు ఉండే వరస అది. తౌవులు ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు. ఒకరి పెరట్లో పంది కనిపిస్తే ఇంకొకరు అడక్కుండా తోలుకుపోవచ్చు. పోగొట్టుకున్నవాడు నవ్వాలే తప్ప కోపం పెట్టుకోకూడదు. అందుకని నసౌకీ నుంచి ఫోను వచ్చిందంటే మా ఆఫీసంతా పని ఆపి చెవి అటు పడేసేది.

"ఏరా కోళ్ళదొంగా, నీ సరంగు మళ్ళీ పడుకుందా?"

"పడుకోలేదే పీతమొహమా. నీ గొంతు విని మూర్ఛపోయింది. నీళ్ళు చల్లుతున్నా, ఉండు."

తితిలియా తల్లి పేరు ఉలామిలా. ఆవిడ పాటలు కట్టేది. ఊళ్ళో కొత్త పడవ నీళ్ళలోకి దిగినా, తుఫాను వచ్చిపోయినా, బడికి కొత్త కప్పు వేసినా, ఆవిడ పాట కడితే జనం వరసగా కూర్చుని చేతులతో అభినయిస్తూ మెకె ఆడేవాళ్ళు. కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. రాస్తే పాట చచ్చిపోతుందనేదట. చివరి రెండేళ్ళలో, మంచం పట్టాక, కూతురు పక్కన కూర్చుని ఫోన్లో పాడించుకుంది. నలభై ఒక్క పాట. ఫోను నిండిపోయి, పిల్లల హాజరు పంపడానికి కూడా చోటు లేకుండా పోతే ఎపరామకు చెప్పుకుంది. అతను ఆ పాటలన్నీ బడి సర్వరులోకి ఎక్కించే దారి చెప్పాడు. వాటి పెట్టెను సరంగు ముట్టుకోకుండా జాబితాలో ఒక గీత రాశాడు, అన్నిటికన్నా కింద, ఆఖరి గీతగా. ఆ తర్వాత, ఇంకా ఫోన్లో ఎందుకే, తీసెయ్ అన్నాడు. నాలుగైదు రోజులు వెనకాడి, ఆవిడ తీసేసింది.

జనవరిలో ఉలామిలా పోయింది. ఎపరామ పడవెక్కి వెళ్ళాడు. చావింట్లో తౌవు వచ్చి నవ్వించి తీరాలి. అతను వెళ్ళీ వెళ్ళగానే వంట దగ్గర ఉడుకుతున్న దాలో దుంప ఒకటి లాక్కుని, ముసలావిడ వాటా నాకు రాసిచ్చి పోయిందని అరుస్తూ పరిగెత్తాడట. తితిలియా కర్ర పట్టుకుని వెంటపడిందట. ఇద్దరూ తీరం దాకా పరిగెత్తి అక్కడ కూలబడి ఏడ్చారని, తర్వాత నాకు ఊరివాళ్ళు చెప్పారు.

ఇక ఆ తప్పు సంగతి చెప్పాలి. సరంగు మోసుకెళ్ళే జాబితా దారిలో తెగిపోతే ఏమవుతుంది? రెండేళ్ళ కిందట ఒక బడిలో అది జరిగింది. వానకు లైను తెగి జాబితా సగమే చేరింది. సరంగు ఆ సగాన్నే పూర్తి జాబితా అనుకుని, మిగతాదంతా అక్కర్లేనిదని ఊడ్చేసింది. పోయినవి పాత పరీక్ష పేపర్లు గనక ఎవరూ పట్టించుకోలేదు. ఎపరామ పట్టించుకున్నాడు. రేడియో దగ్గర చెప్పవలసింది చెప్పేశాక "అయిపోయింది" అనే మాట ఒకటి అంటారు. ఆ మాట వినపడకపోతే కబురు ఇంకా ఉందని అర్థం. జాబితా చివర అలాంటి ముగింపు గుర్తు పెట్టి, ఆ గుర్తు చేరకపోతే సరంగు ఏదీ ముట్టుకోకుండా వెనక్కి వచ్చేలా దిద్దాడు. ఫర్గస్‌కు పంపాడు. ఆలోచన బాగుంది, కానీ పాత సరంగులున్నచోట చిక్కొస్తుంది, పెద్ద మార్పులు చేసేటప్పుడు తీసుకుందాం అని ఆయన రాశాడు. ఎపరామ సరేనన్నాడు. అది లోపలికి వెళ్ళేదాకా, కొత్త సరంగు వచ్చిన ప్రతిసారీ మొదట తన దిద్దుబాటు దానికి కలిపి, ఆ తర్వాతే దీవులకు పంపేవాడు. పద్నాలుగు నెలలు అలాగే చేశాడు.

ఆ మధ్యలో ఇంకో చిన్న మార్పు కూడా పంపాడు. సరంగు అప్పటిదాకా వాగుడుకాయ. పెట్టిన ప్రతి వస్తువుకూ తీసేసిన ప్రతి వస్తువుకూ ఒక గీత. అరవై మూడు దీవులకు వేలకు వేలు గీతలు తెర మీద పరుగులు తీస్తే కళ్ళు తిరిగేవి. దీవికి ఒక్క మాటగా "సర్దడం అయింది" అని చెప్పేలా చేశాడు.

మేలో కొత్త సరంగు వచ్చింది. దానితో పాటు సాయం చేసినవారికి కృతజ్ఞతలంటూ పేర్ల పట్టిక వచ్చింది. అందులో, ఫిజీ నుంచి ఎపరామ అని. ఆరేళ్ళుగా పంపుతున్నా అతని పేరు అలా అచ్చులో పడటం అదే మొదలు. నన్ను పిలిచి చూపించి, నా మొహం వంకే చూశాడు. ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా. ఆ సాయంత్రం తాగడానికి యంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపి, మొదటి చిప్ప అతనికే ఇచ్చారు. ఇక నీ దిద్దుబాట్లు నువ్వు అతికించుకోనక్కర్లేదు బావా, వాళ్ళే తీసుకున్నారుగా, అన్నది నేనే. అవునన్నాడు.

ఫర్గస్ తీసుకున్నది ఒక్కటే, ఆ ఒక్క మాట చెప్పే మార్పు. ముగింపు గుర్తు ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. పట్టిక కింద అదంతా రాసే ఉంది. ఎపరామ పేరు దగ్గర ఆగిపోయాడు.

జూన్ నాలుగున, తన దిద్దుబాటు కలపకుండానే, కొత్త సరంగును దీవులకు పంపాడు. ముందు, చెయ్యకుండా ఏం చేస్తావో చెప్పు అని సరంగును అడిగి చూశాడు. అది అతను ఎప్పుడూ మానని అలవాటు. లైను బాగుంది గనక జాబితా మొత్తం చేరింది, చెప్పవలసినవే చెప్పింది. తర్వాత నిజంగా పంపాడు. నసౌకీ వంతు వచ్చేసరికి అక్కడ వాన. జాబితా ఆఖరి గీత చేరకముందే లైను తెగింది. కాసేపటికి లైను వచ్చాక తెర మీద పడ్డ మాట నాకూ కనిపించింది. నసౌకీ, సర్దడం అయింది.

ఆగస్టు పదిహేడున ఫోను వచ్చింది. ఆఫీసంతా చెవి అటు వేసింది. తిట్టు వినపడలేదు.

"ఎపరామా, అమ్మ పాటల పెట్టె ఖాళీగా ఉంది."

తల్లి పోయిన ఏడాదికి మైల విప్పే నాడు పిల్లలచేత ఆవిడ పాటలు ఆడించాలని, నేర్పడం మొదలుపెడదామని తెరిచిందట. ఎపరామ ఆ రోజంతా కుర్చీలోంచి లేవలేదు. దీవుల సర్వర్లకు సువాలో నకళ్ళుంటాయి, కానీ ముప్పై రోజులే. ఆ పైన పాతవి పోయి కొత్తవి వస్తాయి. అప్పటికి డెబ్భై నాలుగు రోజులైంది. మొదటి ముప్పై రోజుల్లో మేం అడిగుంటే దొరికేవి. ఆ తర్వాత నకళ్ళలో కూడా భద్రంగా ఉన్నది ఖాళీ పెట్టే. నేను వెళ్ళి ఆ సర్వరును విప్పి డిస్కు తెచ్చాను. ఎపరామ పదకొండు రోజులు దానితో కూర్చున్నాడు. ఒక ముక్క దొరికింది. ఆరు క్షణాల ముక్క. అందులో ఉలామిలా దగ్గు, వెనకాల కోడి కూత. పాట లేదు.

పైఅధికారి పిలిచి, సాంకేతిక కారణాల వల్ల అని ఆఫీసు ఉత్తరం పంపుతుంది, నువ్వేమీ ఒప్పుకోకు అని చెప్పాడు. ఎపరామ తల ఊపి వచ్చి సెలవు చీటీ రాసి పెట్టాడు. ఊరెళ్ళి మేనమామను అడిగి తంబువా తెచ్చుకున్నాడు. తిమింగలం పన్ను. పెద్ద తప్పు చేసినవాడు అది చేత పట్టుకుని వెళ్ళి మోకరిల్లితే, ఎదుటివాళ్ళు అందుకుంటే, తప్పు మట్టిలో కప్పెట్టినట్టే. నాకు ఎలాగూ నసౌకీలో బ్యాటరీ పని ఉంది గనక నేనూ పడవెక్కాను. దారిలో ఒకసారి, ఆ పట్టిక అడుగు దాకా చదివి ఉంటే బావా, అన్నాడు. నేను సముద్రం వైపు తిరిగాను. ఆ సాయంత్రం నేనన్న మాట నాకు గుర్తుంది. అతను దాన్ని ఎన్నడూ ఎత్తలేదు.

తితిలియా పెద్దనాన్న ఇంట్లో చాప మీద ఊరి పెద్దలు కూర్చున్నారు. ఎపరామ గుమ్మం దగ్గర నుంచే వంగి వచ్చి, తంబువా రెండు చేతుల్లో పట్టుకుని, చెప్పవలసిందంతా చెప్పాడు. వాన అనలేదు, సరంగు అనలేదు, ఫర్గస్ పేరెత్తలేదు. నమ్మి ఇచ్చింది నేను పోగొట్టాను అన్నాడు. పెద్దాయన ముందు నవ్వాడు. తౌవు వచ్చి తంబువా ఇవ్వడం మా తాతల కాలంలో కూడా వినలేదు, వీడు మన పందులన్నీ తోలుకుపోయినా అడగకూడదు గదా, ఏమిటీ విడ్డూరం అన్నాడు. మిగతావాళ్ళూ నవ్వబోయారు. అందరూ తితిలియా వైపు చూశారు. ఆవిడ ఒక్క తిట్టు తిడితే చాలు, అంతా తేలికపడిపోయేది. ఎపరామ ఆ తిట్టు కోసమే తల వంచుకుని కూర్చున్నాడని నాకు అనిపించింది.

ఆవిడ లేచి వచ్చి, తంబువా అందుకుని, తల దించి కళ్ళకద్దుకుంది.

"ఇంత దూరం శ్రమ తీసుకుని వచ్చారు. మా మనసులో ఏమీ లేదు. లేచి కూర్చోండి, టీ తెస్తాను."

ఇంట్లో నవ్వు ఆగిపోయింది. తప్పును అందరి ముందూ కప్పెట్టేశారు. ఆచారం ప్రకారం అంతా సక్రమంగా జరిగింది. ఎపరామకు పింగాణీ కప్పులో టీ, పళ్ళెంలో రొట్టె వచ్చాయి. అతను ఆ కప్పును రెండు చేతులతో పట్టుకుని చల్లారేదాకా అలాగే ఉండిపోయాడు.

మర్నాడు నేను బ్యాటరీ బిగిస్తుంటే తితిలియా టార్చి పట్టుకుంది. నేను అడగలేదు. ఆవిడే చెప్పింది.

"తౌవు మీద కోపం పెట్టుకోకూడదంటారు. మరి నా కోపం ఎక్కడ పెట్టుకోను? అందుకని వాణ్ణి బయటి మనిషిని చేసుకున్నా. బయటి మనిషి మీదైతే పెట్టుకోవచ్చు."

ఎన్నాళ్ళని అడిగాను. తెలియదంది.

సువాకు వచ్చాక ఎపరామ ఫర్గస్‌కు జరిగింది రాశాడు. నింద లేకుండా రాశాడు, నేను చదివాను. ఆ రోజే జవాబు వచ్చింది. నీ దిద్దుబాటు సరైనదని నాకు మొదటి రోజే తెలుసు, రేపు చూద్దాం అని పెట్టాను, అన్నాడాయన. వారం తిరక్కుండా ముగింపు గుర్తు లోపలికి వెళ్ళింది. ఏ దిద్దుబాటుకైనా ఒక పరీక్ష జతచెయ్యాలని వాళ్ళ నియమం. ఆ తప్పు మళ్ళీ ఎవరైనా తెచ్చిపెడితే ఆ పరీక్ష పట్టేసుకుంటుంది. ఎపరామ రాసిన పరీక్ష ఒక పెట్టెలో నలభై ఒక్క ఫైళ్ళు పెడుతుంది, జాబితాను ఆఖరి గీత ముందు తెంపుతుంది, తర్వాత నలభై ఒకటీ ఉన్నాయా అని చూస్తుంది. రెండు ఫైళ్ళు చాలు గదా, నలభై ఒకటి ఎందుకని ఎవరో అడిగారు. ఉండనివ్వండని ఫర్గస్ రాశాడు. కృతజ్ఞతల పట్టికలో తన పేరు వెయ్యొద్దని ఎపరామ అడిగాడు, వెయ్యలేదు.

తర్వాతి నాలుగు నెలల్లో మూడుసార్లు అతను సొంత సెలవు మీద నసౌకీ వెళ్ళాడు. ఊళ్ళో ముసలమ్మలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎవరికి ఏ పాట ఎంత గుర్తుందో పాడించి, రికార్డు చేశాడు. రాత్రి పడుకోబోయే ముందు ఒకరికి ఒక పాదం తట్టేది, పొద్దున్నకు ఇంకొకరు అది కాదనేవారు. తితిలియా ఎదుటి చాప మీద కూర్చుని విని, అవును అనో కాదు అనో తల ఊపేది. మీరు భోంచేశారా అని అడిగేది. తొమ్మిది పాటలు పూర్తిగా వచ్చాయి. నాలుగు ముక్కలుగా వచ్చాయి. మిగతావి ఎవరికీ రాలేదు. ఉలామిలా వాటిని ఆ మంచంలోనే కట్టిందట. కూతురు ఒక్కసారి విన్నదే, ఆ పైన ఫోను తప్ప ఇంకెవరూ వినలేదు.

జనవరిలో మైల విప్పారు. ఊరంతా నల్లబట్టలు తీసి రంగుల బట్టలు కట్టుకుంది. ఎపరామను అతిథుల చాప మీద, మంత్రిగారు పంపిన మనిషి పక్కన కూర్చోబెట్టారు. అన్నం మొదట అతనికి వడ్డించారు. వంటపాక అతనికి నాలుగడుగుల దూరంలో ఉంది. కుండలో చెయ్యి పెట్టి ఏది కావాలంటే అది లాక్కుపోయే వరస అతనిది. వడ్డించేదాకా ఆగి, వడ్డించింది తిన్నాడు.

పిల్లలు చివర 'పగడపు దిబ్బ మీద పగిలిన పడవ' పాట ఆడారు. ముక్కలుగా దొరికిన నాలుగింటిలో అదొకటి. మొదటి రెండు చరణాలూ, నాలుగోదీ ఉన్నాయి. మూడోది ఎవరికీ రాలేదు. ఊళ్ళో ఒకాయన తానే ఒక చరణం కట్టి ఇస్తానంటే తితిలియా వద్దంది.

రెండో చరణం అయింది. పిల్లలు పాట ఆపేశారు, అభినయం ఆపేశారు. ఒళ్ళో చేతులు పెట్టుకుని చప్పట్లు మాత్రం వేస్తూ పోయారు. జనం ముందు తికమకపడి, తర్వాత అర్థమై, ఎక్కడివాళ్ళక్కడ ఊరుకున్నారు. ఆ చరణం ఎంత పొడుగుండేదో తితిలియాకు తెలుసు. అన్ని చప్పట్లూ వేయించింది. ఎపరామ నా వైపు చూడలేదు, ఆవిడ వైపు చూడలేదు. చాప అంచు మీద ఒక పోగును వేలితో పట్టుకుని కూర్చున్నాడు. అది అయ్యాక పిల్లలు నాలుగో చరణం అందుకున్నారు.